పద్నాలుగోసారి పడిన గోడ

ఆ ప్రహరీ గోడ అప్పటికి పదమూడు సార్లు పడింది. పదమూడు సార్లూ దాన్ని లేపింది ఒకే తాపీమేస్త్రి. ఒకే ఇంటికి ఒకే గోడను ఆరేళ్లలో పదమూడు సార్లు కట్టిన మేస్త్రి ఇంకెక్కడా ఉండడని అతను టీకొట్టు దగ్గర చెప్పుకునేవాడు. "మా ఇంటి పైకప్పు వేసింది ఆ గోడే" అనేవాడు.

గోడకు ఇవతల నాలుగడుగుల ఖాళీ జాగా. తర్వాత కిటికీ. కిటికీ కింద కుట్టుమిషను. మిషను ముందు స్టూలు మీద పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా టైలరమ్మ. ఇంట్లో వెలుతురు పడే చోటు అదొక్కటే. మిషనును లోపలికి జరుపుకోమని చాలామంది చెప్పారు. లోపలి గదిలో పగలే లైటు వేయాలి. నల్లగుడ్డ మీద నల్లదారం ఆ లైటుకు కనబడదు. "వాళ్లకు నడపడం రాదని నేను చీకట్లో కుట్టుకోవాలా?" అనేది ఆమె.

గోడకు అవతల రోడ్డు. అది నేరుగా ఆమె కిటికీ మీదికే వస్తున్నట్టు వచ్చి, చివర్లో మనసు మార్చుకుని కుడివైపుకు తిరుగుతుంది. సైకిలు తొక్కే మనిషి మలుపులో లోపలికి ఒరుగుతాడు. రోడ్డు కూడా అలాగే లోపలికి వాలి ఉండాలి. ఆరేళ్ల కిందట రోడ్డు మళ్లీ వేసినప్పుడు మలుపు లోపలి అంచున కాలువ కట్టారు. కాలువ మూత రోడ్డు కన్నా జానెడు ఎత్తు వచ్చింది. కాలువను దించడానికి బదులు రోడ్డును ఎత్తారు. లోపలి అంచు పైకి పోయింది, బయటి అంచు కిందికి వచ్చింది. తిరిగే బండిని రోడ్డే బయటికి తోస్తుంది. బయట ఉన్నది టైలరమ్మ గోడ. ఎడమ చెయ్యి తీసుకెళ్లి కుడి భుజానికి కుట్టినట్టుందని ఆమె మొదటి వారంలోనే అంది. చొక్కా అయితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. రోడ్డును విప్పేవాడెవడు?

మలుపుకు ముందు వేయాల్సిన స్పీడ్ బ్రేకరును మలుపు దాటాక అరవై అడుగుల అవతల వేశారు. చేతులు కాలాక పట్టుకునే ఆకుల్లా అది అక్కడ పడి ఉంది. ముందు మలుపుందని చెప్పే బోర్డు ట్రాన్స్‌ఫార్మరు వెనక ఉంది. దాన్ని చదవాలంటే బండి దిగి నడవాలి. ఎదురొచ్చే బళ్లు కనబడడానికి గుండ్రటి అద్దం ఒకటి నిలబెట్టారు. నెల తిరగకుండా ఒక లారీ దాని స్తంభాన్ని వంచింది. ఇప్పుడు అందులో ఆకాశం కనబడుతుంది.

రోడ్డు అలాంటిది. నడిపేవాళ్లు దానికి తగ్గవాళ్లు. మొదటిసారి గుద్దినవాడు ఫోను చూస్తున్నాడు. రెండోవాడు ఫోను చూడడం లేదు, పక్కన కూర్చున్న భార్యతో పోట్లాడుతున్నాడు. గోడ పడ్డాక కూడా ఇద్దరూ దిగకుండా ఐదు నిమిషాలు పోట్లాడుకున్నారు. నాలుగోవాడు కారు దిగి, "ఎవరైనా గోడ ఇక్కడ కట్టుకుంటారా?" అని అడిగాడు. ఆ ఇల్లు ఆ రోడ్డు కన్నా ఇరవై రెండేళ్లు పెద్దది. ఏడోవాడు మంచినీళ్లు అడిగాడు, తాగాడు, మిగిలిన నీళ్లతో ముఖం కడుక్కున్నాడు. వెళ్తూ వెళ్తూ "మీ ఇటుకలో నాణ్యత లేదమ్మా" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ల గురించి ఆమె విన్నది. మద్దెలను గుద్ది మరీ ఓడు అన్నవాళ్లను మాత్రం ఇక్కడే చూసింది.

పదమూడు సార్లలో ఒక్కసారి కూడా విషయం పోలీసుల దాకా పోలేదు. అది ఆ ఇంటి పద్ధతి. ఆమె భర్త లేత్ మిషను మీద పనిచేస్తాడు. ఇనుముతో, బరువులతో పని తెలిసినవాడు. వీధి తలుపు వెనక అతని సరంజామా ఎప్పుడూ సిద్ధం: లావుపాటి తాడు, జాకీ, గునపం, రెండు చెక్కలు. బయట చప్పుడు వినపడగానే అన్నం ముందు ఉన్నా లేచేవాడు. పక్కిళ్లవాళ్లు నలుగురు వచ్చి తోసేవాళ్లు. పదిహేను నిమిషాల్లో బండి గోడలోంచి బయటికి వచ్చేది. టైలరమ్మ గాజుపెంకులు ఊడ్చి గోనెసంచికి ఎత్తేది. గుద్దినవాడు వీధి చివరి దుకాణం నుంచి ఇటుక, సిమెంటు పంపేవాడు. మేస్త్రికి కబురు వెళ్లేది. నలభై నిమిషాల్లో రోడ్డు అద్దంలా ఉండేది. మర్నాటి సాయంత్రానికి గోడ నిలబడేది, సున్నం కూడా పడేది. భర్తకు ఇది గర్వం. "స్టేషన్ల చుట్టూ తిరిగితే వాడి పనీ చెడుతుంది, మన పనీ చెడుతుంది. వాడూ ఇంటికి పోవాల్సినవాడే కదా" అనేవాడు. ఆమెకూ ఆరేళ్లు అదే సబబుగా తోచింది.

పదమూడోసారి వచ్చిన కారు గోడతో ఆగలేదు. ఇటుకలు కిటికీ దాకా ఎగిరాయి. ఒకటి ఊచల మధ్య నుంచి లోపలికి వచ్చి స్టూలు మీద పడి, దొర్లకుండా అక్కడే కూర్చుంది. టైలరమ్మ ఆ క్షణాన ఇస్త్రీపెట్టె ఆపడానికి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఆమె చోట్లో ఇటుక ఉంది. మర్నాడు మిషనుకు కవరు కప్పి రోడ్ల ఆఫీసుకు వెళ్లింది.

ఇంజనీరు ఆమె చెప్పినదంతా విన్నాడు. కంప్యూటరు తెర ఆమె వైపుకు తిప్పాడు. తెర మీద ఊరి మ్యాపు, దాని మీద ఎర్రచుక్కలు.

"ఒక్కో చుక్క ఒక్కో ప్రమాదం. మీ మలుపు ఎక్కడో చూపించండి."

ఆమె వేలు పెట్టింది.

"చుక్క ఉందా?"

"లేదండీ."

"మరి?"

"పదమూడు సార్లు పడిందండీ."

"గోడ పడింది. ప్రమాదం నమోదు కాలేదు."

"బండి గుద్దకుండా గోడ ఎందుకు పడుతుందండీ?"

"పాతదైతే పడుతుంది."

"నెల కిందటే కట్టాం."

"అయితే మేస్త్రిని మార్చండి."

ఆమె ఫోను తీసి ఫొటోలు చూపించింది. మూడు ఫొటోలు. మూడింటిలోనూ ఇటుకల కుప్ప ఉంది. ఇంజనీరు తెరను వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"ఇందులో బండి ఏదమ్మా?"

బండి లేదు. బండిని లాగేసి, పంపేసి, ఊడ్చాకే ఫొటో తీసేవాళ్లు. అంతకుముందు చేతులు ఖాళీ ఉండేవి కావు.

"నన్ను అడిగితే మా పరిధిలో అన్నిటికంటే భద్రమైన మలుపు మీది" అన్నాడు ఇంజనీరు. "పోయినేడు నివేదికలో మెచ్చుకుంటూ రాశాను కూడా. స్టేషన్లో నంబరు పడిన కేసు ఒక్కటి తీసుకురండి, ఫైలు తెరుస్తాను. ఫైలు తెరిస్తే కొలిచేవాళ్లు వస్తారు. అది లేకపోతే నేనూ మీ గోడలాంటివాణ్నే. నిలబడి ఉండడమే తప్ప కదలలేను."

"మా గోడ పదమూడు సార్లు కదిలిందండీ. మీకన్నా నయం" అని లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఆమె అందరి ముందూ చెప్పింది. అందరూ అంటే భర్త, సున్నం డబ్బా కోసం వచ్చిన మేస్త్రి. "ఈసారి ఎవడు గుద్దినా సరే, బండి కదలకూడదు. గాజుపెంకు కదలకూడదు. పోలీసులు వచ్చి రాసుకునేదాకా ఆ తాడు ఎవరు ముట్టుకున్నా ఊరుకోను."

"పేదవాడి పొట్ట కొడతావా అమ్మా?" అన్నాడు మేస్త్రి. నవ్వుతూనే అన్నాడు గాని, సున్నం డబ్బా తీసుకోకుండానే వెళ్లిపోయాడు. రాత్రికల్లా మాట టీకొట్టు నుంచి వీధంతా పాకింది.

భర్త గునపాన్ని తలుపు వెనక తిన్నగా సర్దాడు. అతను ఇలా పనిలో పడితే అది ఒప్పుకోవడమో కాదో ఇరవై ఏళ్లుగా ఆమెకు తెలియదు.

టైలరమ్మకు ఒక తమ్ముడు ఉన్నాడు. బడి వ్యాను నడుపుతాడు. రోజుకు నాలుగుసార్లు ఆ మలుపులో తిరుగుతాడు. తిరిగేటప్పుడు హారన్ రెండుసార్లు పొట్టిగా కొడతాడు. ఆమె తల ఎత్తకుండా ఎడమ చెయ్యి లేపుతుంది. అతను మంచి డ్రైవరు. ఇది అక్క మాట కాదు. పదకొండేళ్లలో వ్యానుకు గీత పడలేదు. గోడ పడినప్పుడల్లా వచ్చి చూసి, "స్టీరింగు పట్టిన ప్రతివాడూ డ్రైవరు కాడక్కా" అని ఉమ్మేసి వెళ్లేవాడు. ఆ బడికి ఒక నియమం ఉంది. వ్యాను డ్రైవరు పేరు మీద స్టేషన్లో నంబరు పడితే ఆ రోజే తీసేస్తారు. చిన్నదా పెద్దదా, తప్పు ఎవరిది అని చూడరు. పిల్లల తల్లిదండ్రులకు సంజాయిషీలు చెప్పడం కన్నా డ్రైవరును మార్చడం సులువు.

పందొమ్మిదో రోజు సాయంత్రం నాలుగూ నలభైకి తుంపర పడుతోంది. వ్యాను వచ్చింది. చివరి పిల్లను దించేశాక వస్తున్న ఖాళీ వ్యాను. ఎదురుగా ఒక కారు మలుపును అడ్డంగా కోసుకుంటూ, వ్యాను రావాల్సిన వైపుకు వచ్చింది. కారు నడిపేవాడి చెవి దగ్గర ఫోను. తమ్ముడు బ్రేకు వేశాడు. ఇరవై వేగం కూడా లేదు. అయినా చక్రాలు ఆగాయి గాని వ్యాను ఆగలేదు. పక్కవాటుగా తిరిగి, మెల్లగా, పెళ్లాన్ని లేపకుండా ఇంట్లోకి వచ్చే మొగుడిలా, గోడ వైపుకు జారింది.

టైలరమ్మ అంతా కిటికీలోంచి చూసింది. లేచి గదిలో లోపలి గోడకు వీపు ఆనించుకునేంత సమయం దొరికింది. గోడ పడింది. వ్యాను ముందుచక్రం ఇటుకల మీదికి ఎక్కి నిలిచింది. దీపం పగిలింది. ఫోనువాడు కారు నెమ్మది చేసి, అద్దం దించి, చూసి, అద్దం ఎత్తుకుని వెళ్లిపోయాడు.

తమ్ముడు దిగాడు. నుదుటి మీద చిన్న గీత. ముందు రోడ్డుకు రెండువైపులా చూశాడు. తర్వాత వ్యాను కింద చూశాడు. ఆ తర్వాత అక్కను చూశాడు.

"అక్కా, తాడు. బావను పిలు. తొందరగా."

బావ అప్పటికే తాడు భుజాన వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. పక్కిళ్లవాళ్లు నలుగురూ చేతులు పైకి మడుచుకుంటూ వస్తున్నారు.

"తాడు కింద పెట్టండి" అంది టైలరమ్మ.

భర్త ఆగాడు. "వీడు మనవాడే."

"గోడ కూడా మనదే."

"ఏంటక్కా, ఏంటిది?" అన్నాడు తమ్ముడు.

"ఎవడు గుద్దినా అని చెప్పానురా. ఈ వీధంతటికీ తెలుసు."

"ఎవడు గుద్దినా అన్నావు. నేను గుద్దినా అన్నావా?"

"నువ్వు గుద్దుతావని అనుకోలేదు."

"నేనూ అనుకోలేదు! పట్టి తిప్పినట్టు తిరిగింది బండి. నువ్వు చూశావుగా?"

"చూశాను. అందుకే."

వెనక బళ్లు ఆగడం మొదలైంది. వ్యాను తోక రోడ్డుకు అడ్డంగా ఉంది. మొదటి హారన్ మోగింది. దానికి తోడు ఇంకో ఐదు.

తమ్ముడు గొంతు తగ్గించాడు. "అక్కా. నా ఉద్యోగం పోతుంది."

"తెలుసు."

"తెలిసే చేస్తున్నావా?"

"తెలిసే."

"పదమూడు మందిని వదిలేశావు. తాగినవాణ్ని వదిలేశావు. నీ ఇంటి నీళ్లతో ముఖం కడుక్కుని నీ ఇటుకను తిట్టినవాణ్ని సాగనంపి వచ్చావు. ఇప్పుడు తేరగా దొరికింది నేనా? ఇంకొకడు గుద్దేదాకా ఆగలేవా?"

"ఇంకొకడు గుద్దితే వాడి తప్పే రాస్తారు" అంది ఆమె. "తాగాడనో, ఫోను చూశాడనో రాస్తారు. రోడ్డు మాట ఎవడూ ఎత్తడు. నువ్వు తాగలేదు, ఫోను చూడలేదు, నడిచేవాడి కన్నా కాస్త ముందు వస్తున్నావు. నువ్వే జారావంటే ఇంక ఎవడి తప్పు? చెప్పు. నీలాంటివాడు మళ్లీ గుద్దడురా. నేను ఆ స్టూలు మీద ఇంకోసారి బతకను."

"అయితే స్టూలు జరుపుకో!"

"రోడ్డు జరపాలి."

"కడుపు చించుకుంటే మన కాళ్ల మీదే పడుతుందే" అన్నాడు భర్త. తాడు ఇంకా అతని భుజానే ఉంది.

"పడనివ్వండి. ఆరేళ్లుగా ఇటుకలు పడుతున్నాయి."

వరసలో మూడో కారువాడు తల బయటికి పెట్టాడు. "మీ ఇంటి గొడవ ఇంట్లోకెళ్లి పడండమ్మా! మాకు పనులున్నాయి!"

"పనులున్నవాళ్లు నడిచి వెళ్లండి, తొందరగా చేరతారు" అంది ఆమె, అతని వైపు చూడకుండా. ఒకడు కాలిబాట మీదికి ఎక్కించి పక్కనుంచి దూరబోయి, గేటు పక్క కుండీని పగలగొట్టి, "కుండీ ఇక్కడ పెట్టారేంటి?" అన్నాడు. మేస్త్రి తాపీతో సహా వచ్చాడు. చప్పుడు టీకొట్టు దాకా వినపడింది. పరిస్థితి చూసి, ఒక ఇటుక బోర్లా వేసుకుని కూర్చున్నాడు.

ఆమె స్టేషనుకు ఫోను చేసింది. తమ్ముడు ఆమె చేతిలోంచి ఫోను లాక్కోలేదు. లాక్కుంటాడని వీధంతా ఎదురుచూసింది. అతను వెళ్లి వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు.

పాతిక నిమిషాలకు కానిస్టేబుల్ మోటారుసైకిలు మీద వచ్చాడు. పడిన గోడకు కాస్త పక్కగా, రోడ్డు అంచున బండి ఆపి స్టాండ్ వేశాడు.

"అక్కడ స్టాండ్ నిలవదండీ, పడిపోతుంది" అన్నాడు భర్త.

"మాకు తెలుసులే" అని కానిస్టేబుల్ అట్ట మీద బిగించిన కాగితం తీశాడు. అచ్చు ఫారం. వాహనం నంబరు రాశాడు. డ్రైవరు పేరు రాశాడు. తమ్ముడు తన పేరును ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. తర్వాతి వరుస: ప్రమాదానికి కారణం. దాని కింద గళ్లు. అతివేగం, మద్యం, ఫోను, నిద్ర, బ్రేకు వైఫల్యం, ఇతరములు.

"ఎంత వేగంలో వస్తున్నావు?"

"ఇరవై కూడా లేదు."

"మా దగ్గరికి వచ్చేసరికి అందరూ ఇరవైలోనే వస్తారు" అంటూ కానిస్టేబుల్ పెన్ను అతివేగం గడి మీద పెట్టాడు.

"రోడ్డు అని రాయండి" అంది టైలరమ్మ.

"రోడ్డుకు గడి లేదమ్మా."

"ఎందుకు లేదు?"

"రోడ్డు బండి నడపదు గనక. ఎవరో ఒకరి తప్పు రాయాలి. రాయకపోతే పైన మమ్మల్ని తిడతారు."

"చూశావా?" అన్నాడు తమ్ముడు. అక్కతో కాదు, బావతో. "చూశావా బావా? అతివేగం అట. రేపు బడి గేటుకు అంటిస్తారు. పదకొండేళ్లు!"

అప్పుడు మోటారుసైకిలు పడింది. ఎవరూ ముట్టుకోలేదు. గాలి లేదు. తడిసిన అంచు మీద స్టాండ్ వేలెడంత జరిగింది, బండి గోడ ఉండాల్సిన వైపుకు ఒరిగింది, పడింది. అద్దం పగిలింది. పెట్రోలు ట్యాంకుకు సొట్ట పడింది. హారన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

మేస్త్రి అడిగాడు. "సార్ బండి కూడా అతివేగంతో వచ్చిందాండీ?"

వరసలో ఎవడో నవ్వాడు. కానిస్టేబుల్ వాడికోసం వెతికాడు, దొరకలేదు. బండి లేపబోయాడు. భర్త సాయం పట్టాడు. కానిస్టేబుల్ అదే చోట మళ్లీ స్టాండ్ వేసి, చెయ్యి తీయబోయి ఆగాడు. బండి మళ్లీ ఒరుగుతోంది. అతను కొంచెం సేపు దాని హ్యాండిలు పట్టుకుని, మలుపును ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. బండిని భర్త చేతిలో పెట్టి కాగితం తీసుకున్నాడు. 'ఇతరములు' గడిలో టిక్కు పెట్టి, పక్కన రాసింది చదివి వినిపించాడు. "రోడ్డు వాలు గోడ వైపునకు ఉన్నది. నిలిపిన బండి సైతం పడును."

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా. గోడ మీదే కదా."

తమ్ముడు లేచి వచ్చాడు. "సంతకం పెట్టావంటే ఇంక నీ గడప తొక్కను."

"గడప తొక్కకపోతే మానె. గోడ తొక్కకు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నోటికి వచ్చింది, అనేసింది. మేస్త్రి కూడా నవ్వలేదు. ఆమె సంతకం పెట్టింది. తమ్ముడు వ్యాను తాళాలు బావ చేతిలో పెట్టి, వానలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు తొమ్మిదింటికల్లా బడివాళ్లు అతన్ని తీసేశారు. "అతివేగం అని రాయలేదండీ, చూడండి" అన్నాడు అతను. "ఏం రాశారన్నది కాదు, రాశారు కదా" అన్నాడు మేనేజరు. తర్వాత, పదకొండేళ్ల మొహం చూసో ఏమో, ఒక మాట కలిపాడు. "రోడ్డుదే తప్పయితే రోడ్ల ఆఫీసువాళ్లు కాగితం ఇస్తారుగా. తీసుకురా. అప్పుడు చూద్దాం."

అదే రోజు టైలరమ్మ కేసు నంబరు తీసుకెళ్లి ఇంజనీరు ముందు పెట్టింది. అతను ఫైలు తెరిచాడు. తెరిచి, మూసి, అలమరలో ముప్పై ఒక్క ఫైళ్ల కింద పెట్టాడు. "వరుస ప్రకారం వస్తుందమ్మా" అన్నాడు. ఆమె నెలకోసారో రెండుసార్లో వెళ్లి అడిగి ఉండేది. అంతకంటే ఆమెకు తీరిక లేదు.

తీరిక ఉన్నవాడు తమ్ముడు. పొద్దున ఐదున్నరకు లేచే అలవాటు పోలేదు, లేచాక చేయడానికి పని లేదు. ఇంజనీరు రాకముందే వెళ్లి అతని గది ముందు బల్ల మీద కూర్చునేవాడు. ఇంజనీరు వెళ్లాకే లేచేవాడు. నలభై మంది పిల్లల్ని పదకొండేళ్లు భరించిన మనిషికి ఒక ఇంజనీరు ఏపాటి? మొదటి వారం బతిమాలాడు. రెండో వారం అరిచాడు. మూడో వారంలో రెండూ మానేసి, ఇంజనీరు కారు వెనక నిలబడడం మొదలుపెట్టాడు.

"రివర్సులో అద్దం చూడరేంటండీ?"

"నీకెందుకయ్యా?"

"ఇటు గీసుకుంటుంది. నిన్న కూడా గీసుకుంది. మొన్నది అదిగో, ఇంకా కనబడుతోంది. ఇండికేటరు ఉన్నది అలంకారానికా?"

ఇంజనీరు ఎదుట మనుషులు ఎందరో ఏడ్చారు, తిట్టారు. అతని డ్రైవింగును రోజూ అందరి ముందూ విడమరిచి చెప్పినవాడు ఇంతకుముందు లేడు. ఇరవై ఆరో రోజున అలమరలో అడుగున ఉన్న ఫైలు పైకి వచ్చింది. కొలిచేవాళ్లు వచ్చారు. మలుపు లోపలి అంచు బయటి అంచు కన్నా పదకొండు అంగుళాలు ఎత్తు ఉందని రాసుకున్నారు. మరో రెండు నెలలకు మలుపును తవ్వారు.

ఈ మూడు నెలల్లో తమ్ముడు అక్క ఇంటికి రాలేదు. బావ వెళ్లి పలకరిస్తే బావతో మాట్లాడాడు. అక్క ఊసు వస్తే వాతావరణం గురించి చెప్పేవాడు. ఆమె ఒకసారి ఫోను చేసింది. ఎత్తి, వినకుండా పక్కన పెట్టేశాడు. ఏడు నిమిషాలు ఆమెకు అవతలి టీవీ వినబడింది.

కొత్త తారు వేసే రోజు మాత్రం అతను వచ్చాడు. రోడ్డుకు అవతలి పక్క, కాలువ అంచున నిలబడ్డాడు. పని పూర్తయి, కొలతలు సరిపోయాయని సంతకాలు అయితే తప్ప బడికి చూపించాల్సిన కాగితం ఇవ్వనని ఇంజనీరు చెప్పాడు. అందుకని తారు తట్ట తట్టకూ కాపలా కాస్తున్నాడు. రోలరు ముందుకు వెళ్లినప్పుడల్లా వంగి, ఒక కన్ను మూసి, వాలు చూస్తున్నాడు. కొత్తగా కట్టిన గోడ వైపు తల తిప్పలేదు.

పదకొండింటికి టైలరమ్మ టీ కెటిలు, గ్లాసులు పట్టుకుని గేటు దాటి వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది.

"రోలరన్నా" అన్నాడు తమ్ముడు, ఆమెకు వినబడేంత గట్టిగా. "ఆ ఇంటావిడకు చెప్పు, నాకు టీ వద్దని."

రోలరు డ్రైవరు అటూ ఇటూ చూశాడు.

"ఆయనకు చెప్పన్నా, టీ నీ కోసం తెచ్చానని. నాలుగే గ్లాసులున్నాయి."

"పనివాళ్లు ముగ్గురే కదా, నాలుగోది ఎవరికో అడుగు."

"నాకు. నేను తాగకూడదా?"

రోలరు డ్రైవరు ఇంజను ఆపలేదు. ఇలాంటి ఇళ్ల ముందు ఇంజను ఆపకూడదని అతనికి తెలుసు.

అటు చివర రోడ్డుకు అడ్డంగా రెండు డ్రమ్ములు పెట్టి, వాటి మీద కర్ర పరిచారు. ఒక కారు వచ్చి ఆగింది. హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. ఒకతను దిగి, కర్ర తీసి పక్కన పడేసి, డ్రమ్మును కాలితో తోసి, మళ్లీ కారెక్కి, పొగలు వస్తున్న తారు మీదికి వచ్చేశాడు.

తమ్ముడు పరుగెత్తాడు. కారు ముందుకు అడ్డంగా వెళ్లి బానెట్టు మీద అరచెయ్యి వేశాడు.

"కళ్లు నెత్తికెక్కాయా?"

"ఉంటే కదా ఎక్కడానికి!" అంది టైలరమ్మ ఇవతలి నుంచి. కెటిలు గేటు దిమ్మె మీద పెట్టి ఆమె కూడా వస్తోంది.

కారువాడు అద్దం దించాడు. "రోడ్డేమైనా మీ ఇంటిదా? మీరిద్దరూ ఎవరు నన్ను ఆపడానికి?"

"ఆవిడ ఎవరో నాకు తెలియదు" అన్నాడు తమ్ముడు. "నువ్వు మాత్రం వెనక్కి తియ్యి."

"టైర్లకు తారు అంటుకుంటుంది."

"అంటుకోవడానికే వేశారు. తియ్యి!"

కారువాడు అద్దం చూడకుండా రివర్సు గేరు వేశాడు. కారు వెనకభాగం సూటిగా గోడ వైపుకు తిరిగింది. టైలరమ్మ వెళ్లి గోడకూ కారుకూ మధ్య నిలబడి, అరచేత్తో డిక్కీ మీద చరిచింది. కారు ఆగింది.

"స్టీరింగు కుడికి కొయ్యి" అన్నాడు తమ్ముడు ముందు నుంచి. "కుడికి. నీ కుడి, నా కుడి కాదు. ఇంకా. వెనక ఎంతుంది?"

అడిగింది ఎవరినో అతను చెప్పలేదు. వెనక ఉన్నది ఒక్క మనిషే.

"రెండడుగులు" అంది ఆమె. "రానీ. రానీ. ఆపు. తిన్నగా తియ్యమను."

కారు వచ్చిన దారినే వెనక్కి పోయింది. తారు మీద దాని టైర్ల జాడలు రెండు వరసలు పడ్డాయి. రోలరు వాటి మీదికి కదిలింది. డ్రమ్ముల అవతలికి చేరాక కారువాడు తల బయటికి పెట్టి ఒక బూతు తిట్టాడు. ఎవరిని తిట్టాడో తెలియలేదు. ఇద్దరూ జవాబిచ్చారు.